ఎంగిలి ద్రాక్ష

మూడేళ్ళు నేను వైను గురించి రాసి బతికాను. అందులో రెండున్నరేళ్ళు ఒక్క చుక్క నోట్లో పోసుకోకుండా రాశాను. నలుగురిలో చెప్పుకోలేకపోయినా, లోలోపల ఆ సంగతి నాకు గర్వంగానే ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే లేచి వెళ్ళి నోరు పుక్కిలించి రావాలనిపిస్తుంది.

మాది తిరుపతిలో గుడి కొలువుల ఇల్లు. నాయన నలభై ఏళ్ళు ఒక గుడి పోటులో వంట చేశాడు. పోటు అంటే దేవుడి వంటిల్లు. అక్కడ వండేవాడు రుచి చూడకూడదు. వాసన కూడా చూడకూడదు. దేవుడి కంటే ముందు మన ముక్కు తినకూడదని లెక్క. అందుకని నాయన ముక్కుకూ నోటికీ కలిపి తెల్లగుడ్డ కట్టుకుని, గంగాళం ముందు నిలబడి, చేతి అంచనాతోనే ఉప్పు వేసేవాడు. నైవేద్యం అయ్యాకే, అందరితో పాటు దొన్నెలో తీసుకుని, తను వండినదాని రుచి తను తెలుసుకునేవాడు.

ఒకే ఒక్కసారి తప్పాడు. నేను ఏడో తరగతిలో ఉన్నాను. ఎవరో పలకరిస్తే ధ్యాస మళ్ళి పులిహోరలో ఉప్పు రెండుసార్లు వేశాడు. ప్రసాదం తీసుకున్నవాళ్ళు మొహాలు చిట్లించేదాకా సంగతి తెలియలేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని అమ్మతో, "నెల దినాలు నాకు ఉప్పు వెయ్యొద్దు" అన్నాడు. నెల రోజులూ చప్పిడి కూడు తిన్నాడు. మజ్జిగన్నంలో కూడా ఉప్పురాయి వేసుకోలేదు.

ఆ రోజుల్లోనే నేను అడిగాను. "రుచి సూడకుండా అంతమందికి ఎట్ల పెడతావు నాయనా?"

"నేను పెట్టేది దేవునికి రా. ఆయప్పకు పెట్టేది రుచి సూడకూడదు. మనుషులకు పెట్టేటప్పుడు సూడాల్సిందే. మీ అమ్మను సూడు" అన్నాడు.

నిజమే. అమ్మ ఇంట్లో దేవుడికి చూపించిన తర్వాత, మాకు వడ్డించే ముందు, పులుసు రవంత అరచేతిలో వేసుకుని, గరిటె తగలకుండా చప్పరించి, చెయ్యి కడుక్కుని అప్పుడు ఆకుల దగ్గరికి వచ్చేది. నాయన మాటలో మొదటి సగం నాకు బాగా గుర్తుండిపోయింది. రెండో సగం అవసరం వచ్చినప్పుడు గుర్తు రాలేదు.

నేను ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. అది మూతపడింది. కొన్నాళ్ళు ఖాళీగా తిరిగాక బెంగళూరులో ఒక కంపెనీ దొరికింది. వాళ్ళు విదేశాల నుంచి వైను తెప్పించి అమ్ముతారు. సీసాల మీద, వెబ్‌సైటులో రాతలకు మనిషి కావాలన్నారు. ఇంట్లో కూర్చుని రాసుకోవచ్చు అన్నారు. మా ఆవిడకు నిజం చెప్పాను. నాయనకూ, అక్కకూ, బావకూ "పండ్లరసం కంపెనీ" అన్నాను. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ద్రాక్ష పండే, దాన్నుంచి వచ్చేది రసమే. అతికింది.

ఆ కంపెనీ సరుకులో ముఖ్యమైనది స్పెయిన్ దేశంలో ఒక కొండ మీది ద్రాక్షతోటల ఎర్ర వైను. ఫోటోలు పంపారు. మన పందిళ్ళ మీద పాకే ద్రాక్ష కాదది. మోకాలెత్తు మోడులు, రాళ్ళ మధ్య ఒక్కొక్కటీ విడివిడిగా, వంకర తిరిగి, ముసలివాళ్ళ వేళ్ళలా ఉన్నాయి. వెనక మంచు పట్టిన శిఖరం. అంత ఎత్తున పగలు ఎండ మాడ్చేస్తుందట, రాత్రి చలి కొరికేస్తుందట. ఆ రెండింటికీ తట్టుకోవడానికి పండు తోలు మందం చేసుకుంటుందట. వైను రంగూ వగరూ ఆ తోలులోంచే వస్తాయట. ఇదంతా వాళ్ళు పంపిన కాగితాల్లో చదివి నేర్చుకున్నాను.

ఇక రాతలు. నల్ల చెర్రీల వాసన, పొగాకు వాసన, తడిసిన రాయి వాసన, పాత తోలు వాసన. అవును, తోలు! మా ఇళ్ళలో తోలు తగిలితే చెయ్యి కడుక్కుంటాం, వాళ్ళు వైనులో తోలు వాసన వస్తే మురిసిపోతారు. చెర్రీ అంటే నాకు తెలిసింది బేకరీ కేకు మీద పెట్టే ఎర్రగుండు. అది వాక్కాయకు రంగు పూసి పాకంలో ఊరేసిందని తర్వాత తెలిసింది. అంటే నేను రాసిన నల్ల చెర్రీ కూడా వాక్కాయే. అయినా నా రాతలు మేనేజరుకు తెగ నచ్చాయి. "మీరు రోజూ ఎంత తాగుతారు సార్?" అని ఫోనులో నవ్వుతూ అడిగాడు. నేనూ నవ్వాను. నాయన గంగాళం ముందు ముక్కూ నోరూ కట్టుకుని ఉప్పు వేసినట్టే నేనూ వేస్తున్నాననుకున్నాను. వంశంలో వచ్చిన విద్య అని మా ఆవిడతో కూడా అన్నాను. ఆమె లేచి లోపలికి వెళ్ళింది.

ఒకసారి చెప్పకుండా చెయ్యకుండా శాంపిల్ సీసా కొరియర్లో ఇంటికి పంపించారు. నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కొరియర్ అబ్బి వీధి వీధంతా వినపడేటట్టు, "గాజు సీసా సార్, జాగర్త" అన్నాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఇక్కడ పాలు కూడా కావు. అట్టపెట్టెను చంకలో పెట్టుకుని స్కూటరు డిక్కీలో తోసి తాళం వేశాను. ఎండాకాలం. మూడో రోజుకు బిరడా తన్నుకుని బయటికొచ్చి డిక్కీ నిండా ఎర్రగా కారింది. స్కూటరు పేపర్లు తడిశాయి, సీటు కింద నుంచి నేలకు బొట్లు బొట్లుగా పడింది. పులిసిపోయిన కంపు. చీమలు, ఈగలు. సబ్బుతో కడిగాను, చింతపండు పెట్టి తోమాను, వేపాకు నలిపి రుద్దాను. పోలేదు.

"ఏందిరా ఆ పులిసిన వాసన?" అన్నాడు నాయన. నలభై ఏళ్ళు గుడ్డ కట్టి మూసిపెట్టిన ముక్కది. ఇంత వయసులోనూ పక్కింటి పోపులో ఇంగువ తక్కువైతే చెప్పేస్తాడు.

"పండ్లరసం నాయనా. శాంపిలు పంపినారు. పగిలిపోయింది."

నాయన సీటు కిందికి చూసి, "పండ్లది ఇట్ల రాదే వాసన" అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ తర్వాత ఆరు నెలలకు కంపెనీ నన్ను బెంగళూరు పిలిపించింది. స్పెయిన్ నుంచి ఆ తోటల ఆసామి వస్తున్నాడు, వైను రుచి చూపించే కార్యక్రమం ఉంది, రాసే మనిషి కాబట్టి మీరు ఉండాలి అన్నారు. పెద్ద హోటల్లో ఒక హాలు. తెల్ల దుప్పట్లు పరిచిన బల్లలు, ఒక్కొక్కరి ముందు ఆరేసి గాజు గ్లాసులు. నలుగురికి ఒకటి చొప్పున పింగాణీ కూజాలు పెట్టారు. నీళ్ళ కూజాలనుకున్నాను.

కార్యక్రమం మొదలైంది. నా పక్కన టై కట్టుకున్న పెద్దమనిషి వైను నోట్లో పోసుకున్నాడు, బుగ్గలు ఉబ్బించి గుడగుడమనిపించాడు, ముందుకు వంగి ఆ కూజాలో ఉమ్మాడు. మూతి నుంచి కూజాదాకా ఒక ఎర్రటి తీగ సాగింది. దాన్ని వేలితో తెంపుకుని, ఆ వేలితోనే రొట్టెముక్క తీసుకున్నాడు. అవతల బల్ల మీద ఒకావిడ ఉమ్మింది. ఆమె తర్వాత అదే కూజాలో ఇంకొకాయన ఉమ్మాడు. హాలంతా గుడగుడలు, ఉమ్ములు, మధ్యలో "ఆహా, ఏం లోతు" అనే మాటలు. ఉమ్మేసినదాన్ని పొగుడుతున్నారు!

ఎంగిలి అంటే మా ఇంట్లో ఏమిటో బయటివాళ్ళకు చెప్పడం కష్టం. చిన్నప్పుడు అక్క కొరికిన జామకాయ నేను కొరికితే అమ్మ ఇద్దరినీ మందలించేది. చెంబు పెదవులకు తగలకుండా నీళ్ళు తాగడం నడక కంటే ముందు నేర్పించారేమో అనిపిస్తుంది. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి, యాభైమంది ఎంగిలి నిండిన కూజాల మధ్య తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాను. నిండిన కూజాను వెయిటరు మా తలల మీదుగా తీసుకుపోతూ తొణికించాడు. నా మోచేతి మీద గోరువెచ్చగా ఒక చుక్క పడింది. చెయ్యిని నా ఒంటిది కానట్టు దూరంగా పట్టుకుని కూర్చున్నాను.

"మీరు ఇంకా మొదలే పెట్టలేదు" అని మేనేజరు వచ్చి వెనక నిలబడ్డాడు. ఉద్యోగం. గ్లాసు ఎత్తి నోట్లో పోసుకున్నాను.

అందని ద్రాక్ష పుల్లన అంటారు. అందింది కూడా పుల్లగానే ఉంది. పులుపు తర్వాత వగరు, పచ్చి కరక్కాయ నమిలినట్టు నాలుక పిడచగట్టింది. ఆ వెనక చిలుము పట్టిన రాగిచెంబు వాసన. రెండున్నరేళ్ళు మెత్తని పట్టు అని రాశాను దీన్ని! మింగితే ఏమవుతుందోనని భయమేసింది. కూజా దగ్గరికి వంగాను. లోపల ఎర్రని నీళ్ళ మీద నురగ, రొట్టె తునకలు, నాకంటే ముందు ఉమ్మినవాళ్ళ ఉమ్ములు తేలుతున్నాయి. నేనూ అందులో ఉమ్మాను. బాత్రూముకు పోయి చాలాసేపు నోరు కడుక్కున్నాను. అద్దంలో చూసుకుంటే పళ్ళు నీలంగా ఉన్నాయి.

తిరిగి వచ్చేసరికి ఆ స్పెయిన్ ముసలాయన నా కుర్చీ పక్కన కూర్చుని ఉన్నాడు. కోటు వేసుకున్నాడు గానీ చేతులు రైతువి. పగుళ్ళు, గోళ్ళలో నలుపు. ఆ హాలులో ఉమ్మనివాడు ఆయన ఒక్కడే. చిన్న గుక్క తాగి మింగేవాడు. వచ్చీరాని ఇంగ్లీషులో నన్ను అడిగాడు, మీ ఊళ్ళో చలి ఎంత ఉంటుందని. డిసెంబరులో తెల్లవారుజామున ఒక శాలువా చాలు అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. తమ తీగలు చలికాలమంతా మంచు కింద నిద్రపోవాలనీ, ఆ నిద్ర లేకపోతే ఆ పండు రాదనీ చెప్పాడు. తాత నాటినవి తను కోస్తున్నాననీ, ఒక్కో మోడు నుంచి ఒక సీసాకు సరిపడా రావడమే గొప్పనీ అన్నాడు. కొండ కింద మైదానంలో తన తండ్రి కూడా నాటి చూశాడట. "కింద తియ్యగా కాసింది, అంతే. దాన్ని వైను అనలేం. పీకేశాం" అన్నాడు. నేను అదంతా పుస్తకంలో రాసుకున్నాను. నా చేతిరాతలో ఇప్పటికీ ఉంది.

మర్నాడు మేనేజరు అసలు సంగతి చెప్పాడు. మా చిత్తూరు వైపు పల్లెల్లో రైతుల చేత ఆ రకం ద్రాక్ష వేయించాలని కంపెనీ ఆలోచన. మొక్కలు వాళ్ళే ఇస్తారు. నేల మాత్రం ఖాళీగా, చదునుగా ఉండాలి. రైతుల ఫోన్లలోకి పంపడానికి చిన్న వీడియో, దానికి తెలుగులో మాటలు కావాలి. మీది ఆ జిల్లానే కదా, మీరయితే వాళ్ళ మనసుకు తగిలేట్టు రాస్తారు అన్నాడు. ముసలాయన చెప్పిన చలి సంగతి ఎత్తాను. "చలి వద్దు. కొండ ఉంచండి, రాయి ఉంచండి, కష్టం ఉంచండి. వైను అనే మాట కూడా వద్దు, ద్రాక్షరసం అనండి" అన్నాడు.

రాశాను. ఒక్క పూటలో రాశాను. "ఎక్కడో స్పెయిన్ కొండల మీద, రాళ్ళలో, నీళ్ళు చాలని చోట పండే ద్రాక్షకు లోకమంతా పేరు. మన నేలా రాళ్ళ నేలే. రాళ్ళ నేల మీకు శాపం కాదు, వరం." ఆ చివరి వాక్యం రాసినప్పుడు నా భుజం నేనే తట్టుకున్నాను. ఛీ.

బావది పూతలపట్టుకు అవతల ఒక పల్లె. గుడి కొలువు వదిలి రెండు తరాల కిందటే సేద్యం పట్టిన ఇల్లు. రాతిగుట్ట కింద మూడెకరాల మామిడితోట, నూట ఇరవై తోతాపురి చెట్లు. వాళ్ళ నాయన నాటాడు. కరువొచ్చిన ఏడు బావ, అప్పటికి పెళ్ళి కూడా కాలేదు, మైలు దూరం నుంచి కావడిలో నీళ్ళు మోసి ఒక్క చెట్టు కూడా చావకుండా కాపాడాడు. మోసిన భుజం మీద ఇప్పటికీ కాయ కాసి ఉంటుంది. అక్క ఎగతాళిగా, "మీ బావకు నేను నూట ఇరవై ఒకటోదాన్నిరా" అనేది.

నేను ఆ వీడియోకు మాటలు రాశాక వచ్చిన కాపులో మామిడి విరగకాసింది. గుజ్జు ఫ్యాక్టరీలు కాయ దించుకోలేదు. పూతలపట్టు క్రాసు దగ్గర ట్రాక్టర్లు రోజుల తరబడి వరస కట్టి నిలబడ్డాయి. ఎదురుచూసి ఎదురుచూసి కొందరు రోడ్డు పక్కనే కాయలు గుమ్మరించి వెళ్ళిపోయారు. అవి చితికి, పులిసి, పసుపుపచ్చగా పారాయి. దాని మీద ఈగలు దుప్పటి కప్పినట్టు ముసిరాయి. నేను అక్కవాళ్ళింటికి వెళ్తూ బస్సు దిగి ఆ కంపులో నడిచాను. నా స్కూటరు డిక్కీలో వచ్చిన వాసన అదే. బెంగళూరు హాలులో గ్లాసుల్లోంచి వచ్చినదీ రవంత తేడాతో అదే. అక్కడ దానికి మంచి పేర్లు పెట్టింది నేను.

ఆ రోజు బావ అన్నం తిన్నాక చెయ్యి తుడుచుకుని ఫోను తీశాడు.

"ఇది సూడప్పా. మా ఊరి గ్రూపులో వచ్చినాది. స్పెయిన్లో కొండల మీద ద్రాక్షంట. ఎంత బాగా సెప్పినారో ఇను."

ఎవరో అద్దెగొంతుతో చదివారు. మాటలు మాత్రం నావి. రాళ్ళ నేల మీకు శాపం కాదు, వరం. నా నోట్లో అక్క పెట్టిన పాయసం ఉంది.

"ఈ మాటకు నాకు కండ్లల్లో నీళ్ళొచ్చినాయిరా" అన్నాడు బావ. "మా నాయన బతికినంత కాలం ఈ రాళ్ళను తిట్టుకుంటానే పోయినాడు. నువ్వు పండ్లరసం కంపెనీలోనే గదా ఉండావు. నీకు తెలిసుంటాది. ఏమంటావు? ఈ చెట్లు తీసేసి ఇది పెట్టేదా? నువ్వు సరే అంటే పెడతా."

ఇంత సూటిగా అడిగాడు. ఆ క్షణంలో చెప్పవలసింది ఒకే ఒక్క మాట. వద్దు బావా. అది కూడా చెప్పలేకపోయాను. ఎందుకు వద్దంటే, ఎట్లా తెలుసంటే, ఎవరు రాశారంటే, ఒకదాని వెనక ఒకటి బయటికొస్తాయి. పండ్లరసం కంపెనీ సారా కంపెనీ అవుతుంది, నాయన చెవిన పడుతుంది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

"అడిగి సెప్తా బావా" అన్నాను. "తొందరపడొద్దు" అని కూడా అన్నాను, అదేదో పెద్ద సాయం చేసినట్టు.

అక్క అప్పుడు వాకిట్లో నిలబడి వింటూ ఉంది. "తమ్ముడు సరే అంటేనే సెయ్. వానికి సదువుండాది" అంది బావతో. ఆ నమ్మకం చూస్తే నాకు ఏడుపు రావాలి. రాలేదు. బస్సు టైము అడిగాను.

పది రోజులు గడిచాయి. బావ రెండుసార్లు ఫోను చేశాడు. ఒకసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తి, "ఇంకా కనుక్కుంటా ఉండాను" అన్నాను. ఆ పది రోజుల్లో ఆరు సీసాలకు రాతలు రాసి పంపాను. ఒకదానికి నల్ల ఆలివ్ వాసన అని పెట్టాను. ఆలివ్ కూడా నేను చూడలేదు.

పదకొండో రోజు పొద్దున ఏడింటికి అక్క ఫోను చేసింది. గొంతు సంతోషంగా ఉందో భయంగా ఉందో తెలియలేదు. "రేయ్, జేసీబీ వచ్చినాదిరా. కంపెనీ వాళ్ళు మొక్కలు మొదట అడిగినోళ్ళకే అన్నారంట. నువ్వు వద్దనలేదు గదా అని మీ బావ పిలిపించినాడు. వేర్లు లాగతా ఉంటే సూడలేక ఇంట్లోకి వచ్చేసినా."

నువ్వు వద్దనలేదు గదా.

"ఆపమను అక్కా" అన్నాను. ఆమెకు జేసీబీ మోతలో వినపడలేదో, నేను గట్టిగా అనలేదో. మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. చిత్తూరు బస్సు ఎక్కాను. పాకాల దాటేదాకా ఏం చెప్పాలో అతికించుకుంటూనే ఉన్నాను. అలవాటు మరి. కంపెనీ మాట మార్చింది అందామనుకున్నాను. నేల పరీక్షలో తప్పొచ్చింది అందామనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాడికి కూడా సిగ్గుంటుంది. నాకు అది కూడా లేదు.

తోట గట్టెక్కి చూస్తే గుట్ట వైపు మూడో వంతు బయలైపోయి ఉంది. పడిపోయిన చెట్లు పచ్చటి ఆకులతోనే పడుకుని ఉన్నాయి. వేర్లకు ఎర్రమట్టి ఇంకా తడిగా అంటుకుని ఉంది. మామిడి సొన ఘాటు ముక్కులకు కొట్టింది. జేసీబీ ఇంకో చెట్టు మొదట్లో తొండం దించి వెనక్కి లాగుతోంది. బావ తలకు తువ్వాలు చుట్టుకుని, కాయ కాసిన భుజం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి చూస్తున్నాడు. నేను పరిగెత్తుకుంటూ పోయి యంత్రానికి అడ్డంగా నిలబడ్డాను. డ్రైవరు బూతు తిట్టి ఇంజను ఆపాడు.

"ఏమప్పా, ఏమైనాది?" అన్నాడు బావ.

బస్సులో అతికించుకున్నవి ఒక్కటీ నోటికి రాలేదు. "ఆ వీడియోలో మాటలు రాసింది నేనే బావా" అన్నాను. "అది రసం కాదు, వైను. మాది వైను అమ్మే కంపెనీ. ఆ ద్రాక్షకు మంచు కావాల. ఈడ రాదు. ఆ తోట ఆసామే నాతో సెప్పినాడు. నాకు తెలుసు."

బావకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. కోప్పడితే బాగుండేది. మెల్లగా, లెక్క సరిచూసుకుంటున్న మనిషిలా ఒక్కొక్కటే అడిగాడు.

"ఆ కొండ సూసినావా నువ్వు?"

"లేదు."

"ఆ వైనన్నా తాగినావా?"

"నోట్లో పోసుకున్నా."

"మింగినావా?"

"లేదు బావా. ఉమ్మేసినా."

బావ పడి ఉన్న చెట్ల వైపు చూశాడు. నా వైపు చూశాడు. నా మొహంలో ఇంకా ఏదో అంటుకుని ఉన్నట్టు చూశాడు.

"నువ్వు ఉమ్మేసినదాన్ని నాకు వడ్డించినావు గదప్పా" అన్నాడు.

అంతే అన్నాడు. డ్రైవరు దగ్గరికి పోయి, "పో నాయనా, సాలు" అన్నాడు. నలభై ఒక్క చెట్లు పోయాయి. నేను అడ్డం నిలబడిన చెట్టు సగం ఒరిగి ఉంది, దాని మొదట్లో బావ కూర్చుని చేతులతో మట్టి ఎగదోయడం మొదలుపెట్టాడు. సాయం చేద్దామని వంగాను. "నువ్వు ముట్టుకోవద్దు" అన్నాడు, చూడకుండానే.

అక్క నాకు మంచినీళ్ళు తెచ్చింది. ఎప్పుడూ ఇచ్చే కంచు లోటాలో కాదు. ఏదో పెళ్ళిలో మిగిలిన కాగితపు గ్లాసులో. నేను తాగాక దాన్ని నా చేతిలోంచి తీసుకోలేదు. చేత్తో పట్టుకునే రోడ్డుదాకా నడిచాను.

సాయంత్రం ఇంటికొచ్చి నాయనకు అంతా చెప్పాను. దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు. సీసా సంగతి, కూజా సంగతి, బావ అడిగిన రోజు నేను నోరు విప్పకపోవడం, అన్నీ చెప్పాను. నాయన అరుగు స్తంభానికి ఆనుకుని విన్నాడు. తిడతాడనుకున్నాను. "చెట్లు ఎన్ని పోయినాయి?" అని మాత్రం అడిగాడు. చెప్పాను. లేచి కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాడు.

ఆకులు వేశాక మా ఆవిడ వడ్డించబోతుంటే నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు ఉప్పు లేకుండా రవంత విడిగా వండమ్మా ఇంక మీదట" అన్నాడు. "ఈ పొద్దుకు ఉత్త మజ్జిగ పోయమ్మా, సాలు."

"ఎన్నాళ్ళు మామయ్యా?" అంది ఆమె.

"పోయినన్ని చెట్లు మళ్ళా నాటి, అవి కాసేదాకా" అన్నాడు నాయన.

మామిడి నాటితే కాపుకు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో నాకు తెలుసు. నాయన వయసెంతో కూడా తెలుసు. ఆయన చప్పిడి మజ్జిగన్నం కలుపుకుంటున్నాడు. నా ఆకులో మా ఆవిడ పులుసు పోసింది, ఉప్పూ కారమూ సరిగ్గా ఉన్నాయి. నేను తిన్నాను.